గడువు తీరిన దిక్కులు

విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు ముందు కొన్ని రాత పరీక్షలు పాసవ్వాలి. వాతావరణం మీద ఒకటి, ఇంజను మీద ఒకటి, చట్టం మీద ఒకటి, దారి మీద ఒకటి. ఈ దారి పేపరును నావిగేషన్ అంటారు. నేను ఆ పాఠం చెప్పేవాణ్ణి. నా పేరు అయ్యగారి విశ్వపతి. వెనకాల మాత్రం అందరూ త్రికోణం మాస్టారు అనేవాళ్ళు. గాలి విమానాన్ని పక్కకు ఎలా నెడుతుందో చెప్పడానికి బోర్డు మీద ఒక త్రికోణం గీస్తారు. నేను గీసిన త్రికోణాన్ని ఒక పట్టాన వదిలిపెట్టేవాణ్ణి కాదు. నా పాఠం ఎవరికీ అర్థం కాదని ఒక ప్రచారం ఉండేది. ఆ ప్రచారం నమ్మి అమీర్‌పేటలోని మేఘమార్గం కోచింగ్ సెంటర్ వాళ్ళు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. అర్థం కావాలంటే ఓపిక ఉండాలి. అమీర్‌పేటలో అన్నీ దొరుకుతాయి గానీ ఓపిక దొరకదు, దానికి నేనేం చెయ్యను.

ఇంట్లో కూర్చుని, కూరలు తరుగుతున్న మా ఆవిడకు గాలి త్రికోణం వివరిస్తూ కాలక్షేపం చేస్తున్న రోజుల్లో, గగన విద్యా పరీక్షా మండలి వారు కొత్త నిబంధన తెచ్చారు.

పాత నిబంధన అందరికీ తెలిసిందే. పాసైన పేపరుకు కొన్నేళ్ళు గడువు ఉంటుంది. ఆ లోపల విమానం నడిపే తరగతులు పూర్తి చేసి లైసెన్సు తెచ్చుకోవాలి. లేకపోతే ఆ పేపరు మళ్ళీ రాయాలి. లైసెన్సు వచ్చినవాళ్ళు కూడా అప్పుడప్పుడూ రాసి గడువు పొడిగించుకోవాలి. ఇంతవరకూ బాగానే ఉంది. మళ్ళీ రాసేవాళ్ళు ఒకసారి చదివినదే కాబట్టి సులభంగా పాసయ్యేవాళ్ళు. మండలికి కొత్తగా అధ్యక్షులుగా వచ్చిన కంచిభొట్ల లంబోదరరావుగారికి ఈ సులభం నచ్చలేదు. ఆయన అంతకుముందు ముప్ఫై ఏళ్ళు గిడ్డంగుల శాఖలో పనిచేశారు. పాత సరుకు ఖాళీ చెయ్యకుండా కొత్త సరుకు దింపితే ఏమవుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

పత్రికల వాళ్ళను పిలిచి ఆయన ఇలా సెలవిచ్చారు.

"పరీక్ష గడువు తీరిన పిదప సదరు జ్ఞానము కూడా గడువు తీరినట్లే భావించవలెను. గడువు తీరిన జ్ఞానమును బుర్రయందు నిల్వ ఉంచుకొనుట ప్రమాదకరము. దాని మీద కొత్త జ్ఞానము దింపినచో రెండునూ కలిసి కుళ్ళిపోవును. కావున తిరిగి పరీక్షకు కూర్చొనదలచిన ప్రతి అభ్యర్థియూ పాత జ్ఞానమును సంపూర్ణముగా ఖాళీ చేసినట్లు మండలికి రుజువు చూపవలెను."

ఆ రుజువు పేరు విస్మరణ నిర్ధారణ పరీక్ష. జనం దాన్ని మరుపు టెస్టు అన్నారు. వంద ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తు పెట్టమంటారు. ముప్ఫైకి మించి సరైన జవాబులు వస్తే అభ్యర్థికి ఇంకా గుర్తున్నట్టు, అంటే ఫెయిలు. ముప్ఫై లోపు వస్తే మరిచిపోయినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపిస్తేనే అసలు పరీక్ష హాల్లోకి రానిస్తారు.

నిబంధన వచ్చిన వారంలోనే మేఘమార్గం యజమాని విజయసారథి ఒక శాలువా, పళ్ళ బుట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, మీ విలువ మాకు అప్పుడు తెలియలేదు," అన్నాడు శాలువా కప్పుతూ. "మీ క్లాసులో కూర్చున్నవాళ్ళు అంతకుముందు తెలిసింది కూడా మర్చిపోయి బయటికొచ్చేవాళ్ళు. అలాంటి చెయ్యి రెండు రాష్ట్రాల్లో ఇంకోటి లేదు. మరుపు బ్యాచ్ మొదలెడుతున్నాం. మీరు రావాలి."

ఇది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ శాలువా అంచు తిప్పి చూస్తోంది.

"వెళ్ళండి, నాకూ కాస్త ఊపిరాడుతుంది," అంది.

అలా నేను తిరిగి ఉద్యోగంలో చేరాను. చేరేనాటికే అమీర్‌పేట అంతా మరుపుతో మోగిపోతోంది. మెట్రో స్తంభాల మీద మా సెంటర్ బోర్డులు. "మరుపుకు మారుపేరు మేఘమార్గం" అని రాసి, కింద నోరు కొద్దిగా తెరుచుకుని ఉన్న పన్నెండుమంది కుర్రాళ్ళ ఫొటోలు. ఎదుటి సెంటర్ వాళ్ళు అంతకన్నా పెద్ద బోర్డు పెట్టి, మొదటి పది అత్యల్ప మార్కులూ మావేనని వేసుకున్నారు. మా హాస్టల్లో పొద్దున పూరీ, బంగాళాదుంప కూర పెట్టి వెంటనే పడుకోబెట్టేవాళ్ళు. మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి వేసి మళ్ళీ పడుకోబెట్టేవాళ్ళు. సాయంత్రం సీరియళ్ళు. సెల్‌ఫోన్లు వార్డెనే తెచ్చి చేతిలో పెట్టేవాడు. దుప్పటి కింద ఎవరైనా పుస్తకం చదువుతూ దొరికితే ఇంటికి ఫోను వెళ్ళేది.

ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం తల్లిదండ్రుల సమావేశం. తక్కువ మార్కులు వచ్చినవాళ్ళు ఎ సెక్షన్. ఒక తండ్రి నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మావాడు చిన్నప్పట్నుంచీ ఏదీ గుర్తుంచుకునే రకం కాదండీ. ఇక్కడ ఎవరో చెడుసావాసం పట్టి అక్షాంశాలు, రేఖాంశాలు అంటున్నాడు. మీరే ఎలాగో దారిలో పెట్టాలి."

పెడతానని మాట ఇచ్చాను. నా త్రికోణం మీద నాకు నమ్మకం ఉంది. నా క్లాసులో రెండు వారాలు కూర్చున్నవాళ్ళు ఉత్తరం ఏదో అడిగితే ఎదురుగా ఉన్నవాడి ముఖం చూసేవాళ్ళు. సారథి నా జీతం పెంచాడు. జీవితంలో మొదటిసారి నా ఫొటో ఒక బోర్డు మీదికి ఎక్కింది.

అప్పుడు వచ్చింది నవనీత.

సిరిసిల్ల అమ్మాయి, ఎర్రోజు నవనీత. వాళ్ళ నాన్న తలుపులు, దర్వాజాలు చేసే వడ్రంగి. ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా ఆయన చేసిన దర్వాజాలోంచే లోపలికి వెళ్ళాలి. ఈ అమ్మాయి అన్ని పేపర్లూ మంచి మార్కులతో పాసైంది. విమానం నేర్పే స్కూల్లో విమానాలు రెండే, నేర్చుకునేవాళ్ళు చాలామంది. వరసలో నిలబడీ నిలబడీ తరగతులు పూర్తయ్యేసరికి నావిగేషన్ పేపరు గడువు కాస్తా దాటిపోయింది. ఒక విమాన కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూ చేసి ఈ అమ్మాయిని తీసుకున్నారు. దసరా లోపల లైసెన్సు చూపించాలి, లేకపోతే ఆ చోటు తర్వాతి మనిషికి పోతుంది. దసరాకు ముందు నావిగేషన్ పరీక్ష ఒక్కసారే ఉంది. దానికి కూర్చోవాలంటే మరుపు సర్టిఫికెట్ కావాలి.

"ఒకసారి రాసిన సార్ మరుపు టెస్టు," అంది. "ఫెయిలైన."

"ఎన్ని వచ్చాయి?"

"సున్నా సార్."

"సున్నా వస్తే ఫెయిలెలా అవుతావు? నీకు మెడల్ ఇవ్వాలి కదా."

"నేనూ గట్లనే అనుకున్న. అన్నీ తప్పులే పెట్టొచ్చిన. పెద్దసారు పిలిపిచ్చి, వందకు వంద తప్పులు పెట్టాల్నంటే వందకు వంద ఒప్పులు తెల్వాలె గదా అన్నడు. నాకు సంపూర్ణ జ్ఞానమున్నదట. నిజంగ మరిచినోళ్ళకు గుడ్డిగ పెట్టినా పాతిక దాకా వస్తయట."

లంబోదరరావుగారి తర్కంలో నాకు లోపమేమీ కనిపించలేదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"భయపడకు. నా క్లాసులో కూర్చో," అన్నాను. "రెండు వారాల్లో నీకు ఎడమా కుడీ కూడా మిగలవు."

నవనీత ముందు బెంచీలో కూర్చుంది. మిగతావాళ్ళు నిద్రలోకి జారుకున్నారు. నేను త్రికోణం గీశాను. విమానం ముక్కు ఒక వైపు, గాలి ఒక వైపు, అసలు వెళ్ళే దారి ఇంకో వైపు. నడిరోడ్డు దాటుతున్నప్పుడు గాలివాన నెడుతూంటే ఎదుటి కొట్టు చేరడానికి మనిషి కొద్దిగా గాలి వైపే ఒరిగి నడుస్తాడు చూడండి, అలాగే విమానం కూడా ముక్కు గాలి వైపు తిప్పుకుని వెళ్ళాలి అని చెప్పాను. ఈ మాట నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. గంట కొట్టాక అందరూ లేచి వెళ్ళారు. నవనీత కూర్చునే ఉంది.

"సార్, ఇన్నొద్దులు నేను లెక్క బట్టీ కొట్టిన. ఎందుకు ఒరగాల్నో ఇయ్యాల తెలిసింది," అంది.

నేను చాక్‌పీసు కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. నా పాఠం ఒకరికి అర్థమైంది. అదీ ఎవరికి, మరిచిపోవడానికి వచ్చిన అమ్మాయికి. సంతోషించాలా, సారథికి ఏం చెప్పాలా అని ఒకేసారి అనుకున్నాను. ముందు సంతోషించాను.

తర్వాత బాధ్యత గుర్తొచ్చి, "అర్థం చేసుకోకమ్మా, నీ ఉద్యోగం పోతుంది," అన్నాను.

"ఎట్ల మరవాలె సార్. పొద్దుగాల లేస్తే సూర్యుడు కనపడుతడు, తూర్పు యాదికొస్తది. మా నాయిన దర్వాజలు చేస్తడు. ఏ దర్వాజ ఏ దిక్కుకో, పుట్టినప్పటి సంది ఇంటనే ఉన్న."

సారథికి చెబితే, వెంటనే ఆ అమ్మాయి గది కిటికీకి నల్లరంగు వేయించాడు. వాస్తు తెలిసిన కుటుంబాల పిల్లలకు ప్రత్యేక శ్రద్ధ అని బోర్డు మీద ఇంకో వాక్యం చేర్చాడు. ఏమీ లాభం లేకపోయింది. ఆ అమ్మాయి ఏ వైపు తల పెట్టి పడుకుందో చీకట్లో కూడా చెప్పగలిగేది.

రెండోసారి మరుపు టెస్టుకు మేమిద్దరం బాగా ఆలోచించి వెళ్ళాం. నాలుగు ప్రశ్నలకు ఒకటి చొప్పున ఒప్పు పెట్టాలి, మిగతా మూడూ తప్పు పెట్టాలి. సరిగ్గా పాతిక. నిఖార్సయిన అజ్ఞానం. నవనీత ఒక్క పొరపాటు లేకుండా అలాగే పెట్టి వచ్చింది.

లంబోదరరావుగారు మా ఇద్దర్నీ పిలిపించారు. పెద్ద బల్ల, దాని మీద గాజుపలక, పలక కింద ఆయనకు గిడ్డంగుల శాఖలో సన్మానం జరిగినప్పటి ఫొటో.

"సదరు అభ్యర్థిని ప్రతి నాలుగవ ప్రశ్నకు మాత్రమే సరియైన సమాధానము గుర్తించినట్లు మా పరిశీలనలో తేలినది," అన్నారు. "అజ్ఞానమునందు ఇంతటి క్రమశిక్షణ అసంభవము. అసలైన అజ్ఞానము చిందరవందరగా ఉండును. మేము స్వయముగా ఎరుగుదుము."

"చివరి మాట నిజమే అయివుంటుంది," అని నేను పైకే అన్నాను. ఆయన దాన్ని మర్యాదగా తీసుకుని తల ఊపారు.

ఆ మాటకు రుజువు అంతకు ముందు నెలలోనే దొరికింది. ఒక విలేకరి లేచి, మండలి సభ్యులు తమ పరీక్షలు ఎప్పుడో కుర్రతనంలో పాసయ్యారు కదా, ఆ గడువు తీరిన జ్ఞానం వాళ్ళ బుర్రల్లో నిల్వ ఉందా లేదా అని అడిగాడు. లంబోదరరావుగారు కోపగించుకోలేదు. చట్టం అందరికీ ఒక్కటే అన్నారు. మర్నాడే అధ్యక్షులతో సహా సభ్యులందరూ మరుపు టెస్టుకు కూర్చున్నారు. కోచింగ్ లేదు, హాస్టల్ లేదు, మధ్యాహ్నం నిద్ర కూడా అలవాటుగా పోయేదే తప్ప ప్రత్యేకం కాదు. అందరూ మొదటి ప్రయత్నంలోనే పాసయ్యారు. మండలి చరిత్రలో ఏ పరీక్షలోనూ అలాంటి ఫలితం రాలేదు. ఆ సాయంత్రం ఆఫీసులో మైసూర్‌పాక్ పంచారు.

"ఇప్పుడీ అమ్మాయి సంగతి ఏమిటండీ?" అని అడిగాను.

"ఈమెది మొండి జ్ఞాపకము. రాత పరీక్షకు లొంగదు. మౌఖికముగా నిర్ధారించవలెను. రానున్న గురువారము విశాఖపట్నములో మండలి తలపెట్టిన అఖిల భారత విస్మరణ సదస్సునందు, ప్రతినిధుల సమక్షములో వేదికపై ఈమెను పరీక్షింతుము. ఉపాధ్యాయులుగా తమరును విచ్చేయవలెను."

నవనీత ఒక అడుగు ముందుకు వేసింది. "సార్, గురువారమే మూడు గంటలకు నా నావిగేషన్ పరీక్ష. సికింద్రాబాద్‌ల."

"అది పరీక్షల విభాగము వారి వ్యవహారము. ఇది విస్మరణ విభాగము."

"రెండిటికీ మీరే పెద్దసారు గదా."

"అధ్యక్షుడను నేనే. కానీ ఒక విభాగము సంగతి ఇంకొక విభాగములో మాట్లాడుట సంప్రదాయము కాదు."

బయటికొచ్చాక నవనీత మెట్ల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఏదో ఒకటి చెప్పడానికి వీలుండేది. వైజాగ్ వెళ్ళకపోతే సర్టిఫికెట్ లేదు. వెళితే పరీక్ష లేదు. దసరా అయ్యాక ఉద్యోగం లేదు. నాకు లంబోదరరావుగారి మీద, ఆయన గాజుపలక మీద, ఆ ఫొటోలో ఆయన మెడలో ఉన్న దండ మీద కూడా కోపం వచ్చింది.

గురువారం పొద్దున బేగంపేట పాత విమానాశ్రయానికి వెళ్ళాం. మండలి వారి చిన్న విమానం సిద్ధంగా ఉంది. అధ్యక్షులు, నలుగురు సభ్యులు, శాలువాల పెట్టె, నవనీత, నేను. పైలట్ పేరు దాట్ల సుబ్బరాజు. రాజమండ్రి దగ్గర గోదావరి ఒడ్డు మనిషి. తెల్లటి మీసం, నిదానంగా మాట్లాడతాడు. నవనీత కథ ఎక్కేటప్పుడే విన్నాడు. "ఆయ్, అలాగాండీ," అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. ముందు సీట్లో తన పక్కన కూర్చోమన్నాడు ఆ అమ్మాయిని.

ప్రయాణం హాయిగానే సాగింది. లంబోదరరావుగారు ప్రారంభోపన్యాసం చదువుకుంటున్నారు. సభ్యులు నిద్రపోతున్నారు. కింద ఒక పెద్ద నది, మధ్యలో లంకలు, దాని మీద పొడవాటి రైలు వంతెన కనిపించాయి. అప్పుడు సుబ్బరాజు గడియారం చూసుకుని, ఒళ్ళో ఉన్న మ్యాపు మడిచి జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగాడు.

"అధ్యక్షులుగారండీ, చిన్న మనవండీ. పన్నెండు కొట్టిందండి. నా నావిగేషన్ పేపరు గడువు ఇయ్యాళ మిట్టమధ్యాహ్నం దాకానేనండి. ఇప్పట్నుంచీ నాకు దారి తెలీదండి."

లంబోదరరావుగారు కాగితాలు పక్కన పెట్టారు. "తెలియదనగా?"

"తమరు చెప్పిందేనండి. గడువు తీరిన జ్ఞానం బుర్రలో ఉంచుకోకూడదు కదండీ. ఖాళీ చేసేశానండి. విమానం ఎగరెయ్యడం వచ్చండి, దించడం వచ్చండి, దాని పేపరుకి ఇంకా గడువుందండి. ఎటెళ్ళాలో మాత్రం తెలీదండి."

"కంట్రోల్ టవర్ వారిని అడగవలసినది."

"అడిగానండి. చెప్పారండి. వాళ్ళు చెప్పింది అర్థం చేసుకోవడం కూడా నావిగేషనేనండి."

ఒక సభ్యుడు లేచి కిటికీలోంచి కిందికి చూశాడు. "ఆ నది ఏదయ్యా?"

సుబ్బరాజు కూడా వంగి చూశాడు. పుట్టి పెరిగిన ఊరు ఆ ఒడ్డునే ఉంది. ఈత నేర్చింది ఆ నీళ్ళలో.

"ఏదో నదండి," అన్నాడు.

సభ్యులందరికీ నిద్ర వదిలింది. ఎవరికైనా దారి తెలుసా అని ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అందరూ మరుపులో ఫస్టు క్లాసు వచ్చినవాళ్ళు. అప్పుడు అందరి చూపూ ముందు సీట్లో ఉన్న నవనీత మీదికి వెళ్ళింది.

"అమ్మా, నీకు గుర్తున్నది కదా," అన్నారు లంబోదరరావుగారు. ఆయన అమ్మా అనడం అదే మొదటిసారి.

"యాది లేదు సార్," అంది నవనీత.

"నీది మొండి జ్ఞాపకమని మేమే ధ్రువీకరించినాము."

"గప్పుడుండె సార్. ఇప్పుడు పోయింది. ఇప్పుడు దారి చెప్తే నాకు యాదున్నదని మీరే ఫెయిల్ చేస్తరు. నా ఉద్యోగం పోతది. నేను చెప్ప."

విమానం నది మీద నిదానంగా గుండ్రాలు తిరుగుతోంది. లంబోదరరావుగారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. సభ్యుల సంఖ్య లెక్కపెట్టి, కోరం ఉందని తేల్చి, అక్కడికక్కడే అత్యవసర సమావేశం ప్రారంభించారు. నిబంధన రద్దు చెయ్యమని ఒక సభ్యుడు అడిగాడు. రద్దుకు నెలరోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నారు అధ్యక్షులు. అంతసేపు సరిపడా పెట్రోలు ఉందా అని ఇంకొక సభ్యుడు అడిగాడు. లేదండి అన్నాడు సుబ్బరాజు.

చివరికి అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. "మార్గము లభించినది. సదస్సు వేదికపై జరుపవలసిన మౌఖిక పరీక్షను ఈ విమానమునందే జరుపుచున్నాము. ప్రశ్న ఒక్కటే. విశాఖపట్నమునకు దారి ఏది? అభ్యర్థినికి గుర్తున్నచో విశాఖపట్నము చేరెదము, ఆమె ఫెయిలు. మరచినచో వేరొక చోటికి చేరెదము, ఆమె పాసు. ఉభయత్రా విమానము ఎచ్చటనో ఒకచోట దిగును. నిబంధనకు భంగము లేదు."

నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించాను. ఒక సభ్యుడికి ఏదో అనుమానం వచ్చినట్టుంది, నోరు తెరిచాడు. ఏ అనుమానమో మరిచిపోయినట్టుంది, మూసుకున్నాడు.

నవనీత కళ్ళు మూసుకుంది. నాకు తెలుసు, లోపల త్రికోణం గీస్తోంది.

"సార్, ఎడమకు తిప్పండి," అంది సుబ్బరాజుతో. "ఇంకా. ఇంకా తిప్పండి. ఆఁ, రెండు వందల డెబ్భై ఎనిమిది డిగ్రీల కాడ ఆపండి."

"ఆపానండి," అన్నాడు సుబ్బరాజు.

"ఇంకో ఆరు కలపండి సార్. గాలి ఉత్తరం దిక్కు నుంచి నూకుతున్నది. కొంచెం దాని దిక్కే ఒరగాలె."

ఆ ఆరు నా ఆరు. అది నేను చెప్పిన పాఠం. ఎదుటి కొట్టు చేరడానికి గాలి వైపు ఒరిగే మనిషి విమానం ఎక్కి నా కళ్ళముందు వెళుతున్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్న సభ్యుడు నాకు భయం వేసిందనుకుని చెయ్యి పట్టుకున్నాడు, దిగేదాకా వదల్లేదు.

"మలుపు కొంచెము ఎక్కువైనట్లు తోచుచున్నది," అన్నారు లంబోదరరావుగారు. "నది మునుపు ముందువైపు ఉండెను. ఇప్పుడు వెనుకకు పోయినది."

"ఆయ్, నదులు అంతేనండి," అన్నాడు సుబ్బరాజు.

గంట తిరిగేసరికి విమానం మెత్తగా దిగింది. తలుపు తెరిచారు. ఎదురుగా అధ్యక్షులవారి కారు, పక్కనే చేతిలో టీ గ్లాసుతో ఆయన డ్రైవరు. గ్లాసు దాచుకుని సెల్యూట్ కొట్టాడు.

"అప్పుడే వచ్చేసినారా సార్?" అన్నాడు.

లంబోదరరావుగారు మెట్ల మీద నిలబడి, కారును చూశారు, డ్రైవర్ని చూశారు, ఎదుటి గోడ మీద బేగంపేట అని రాసి ఉన్న బోర్డును చాలాసేపు చూశారు. నవనీత దుపట్టా కొస వేలికి చుట్టుకుంటోంది.

"ఇది విశాఖపట్నము కాదు," అన్నారాయన.

"కాదా సార్?" అంది నవనీత.

"కానే కాదు. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినాము." ఆయన ముఖం మెల్లగా వికసించింది. "ఇంతటి సంపూర్ణమైన విస్మరణ మా అనుభవములో లేదు. అజ్ఞానము చిందరవందరగా ఉండునని చెప్పితిమి కదా. ఇదిగో, ఇదీ అసలైన అజ్ఞానము. శుభమస్తు."

కారు బానెట్ మీదే సర్టిఫికెట్ పెట్టి సంతకం చేసి, శాలువాల పెట్టెలోంచి ఒకటి తీసి నవనీతకు కప్పారు. ఆ అమ్మాయి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, శాలువాతోనే గేటు వైపు పరుగెత్తింది. నేను వెనకాల పరుగెత్తాను. ఆటో దొరికింది. ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ఈ సందులోంచి పొమ్మని ఆటోవాడికి కూడా దారి చెప్పింది. మూడింటికి ముందే పరీక్ష హాల్లో ఉంది.

ఫలితాలు వచ్చాయి. నావిగేషన్‌లో అందరికన్నా ఎక్కువ మార్కులు ఎర్రోజు నవనీతవి. దసరాకు ముందే లైసెన్సు చేతికొచ్చింది, ఉద్యోగం నిలిచింది. మండలి వారు నిబంధనకు ఒక సవరణ చేశారు. ఇకమీదట మౌఖిక పరీక్షలు నేల మీదనే జరుపవలెను అని. మిగతాది అలాగే ఉంది. సుబ్బరాజు తన పేపరు మళ్ళీ రాయడానికి మరుపు టెస్టుకు కూర్చుని, గోదావరి ఏ సముద్రంలో కలుస్తుందన్న ప్రశ్నకు మనసొప్పక సరైన జవాబు పెట్టినా, మొత్తం మీద గట్టెక్కాడని విన్నాను.

విజయసారథి ఒక్క రోజు కూడా ఆగలేదు. శాలువాతో ఉన్న నవనీత ఫొటోను, మరుపులో ప్రథమ శ్రేణి అని ఒక బోర్డు మీదా, నావిగేషన్‌లో ప్రథమ స్థానం అని ఇంకో బోర్డు మీదా వేయించాడు. ఎదుటి సెంటర్ వాళ్ళు కూడా అదే ఫొటో వేసుకున్నారు. ఆ అమ్మాయి ఒకసారి వాళ్ళ మెట్ల మీద కూర్చుందట.

బోర్డులు కట్టిన మర్నాడే తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. సారథి నన్ను గదిలోకి పిలిచాడు. ఈసారి పళ్ళ బుట్ట లేదు.

"మాస్టారూ, ఏమనుకోకండి. నవనీత మీ క్లాసులో కూర్చున్న పిల్ల అని బయటికి పొక్కింది. మరుపు బ్యాచ్ పేరెంట్లు ఒప్పుకోవడం లేదు. ఆయన చెబితే మా పిల్లలకు అర్థమైపోతుందేమో, వాళ్ళ భవిష్యత్తు ఏం కాను అని గొడవ చేస్తున్నారు. నిన్న ఇద్దరు కుర్రాళ్ళు మీ క్లాసు తర్వాత గాలి వైపు ఒరిగి నడిచారట. నేను మిమ్మల్ని ఉంచుకోలేను."

"అంటే, నా పాఠం అర్థమవుతోందని తీసేస్తున్నారా?" అని అడిగాను.

"అదే కదా చెబుతున్నాను."

"ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వగలవా నాయనా?"

సారథి నావైపు వింతగా చూసి, సెంటర్ లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చాడు. నేను మెట్లు దిగి, మూలనున్న బండి దగ్గర మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, ఒక బజ్జీ తీసుకుని, "అయితే ఆ త్రికోణం ఇంకోసారి చెప్పండి, ఈసారి వింటాను," అంది.

ఇప్పుడు ఆ కాగితం మా ముందుగదిలో గోడకు ఉంది. టేకు ఫ్రేము, అంచున సన్నటి చెక్కడం. సిరిసిల్ల నుంచి నవనీత వాళ్ళ నాన్న స్వయంగా చేసి తెచ్చాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మేకు కొట్టేముందు గది నాలుగు మూలలా తిరిగి చూసి, తూర్పు గోడ ఎంచుకున్నాడు.